ఉష కూర్చునే సీటు

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

ఈ రిజిస్టరు రొయ్యల గుంటల నీళ్ళ శాంపిళ్ళు రాసుకోవడానికి మా ల్యాబులో ఇచ్చింది. రాసిన నాలుగు పేజీలు చించేసి మిగతాది ఇంటికి తెచ్చుకున్నాను. ఇందులో ఉష సీటు సంగతి మాత్రమే రాస్తాను. వేరే ఏదీ రాయను. ఒట్టు.

నిన్న మనుబోలు వెళ్ళాను. నా భార్య మెర్లిన్ పోయి నాలుగు నెలలు. అప్పట్నుంచీ మా పాప ఉష వాళ్ళ అమ్మమ్మ దగ్గరే ఉంది. ఎన్నాళ్ళు నాన్చుతాను? పాపను నాతో పంపించమని రెబెక్కమ్మత్తను అడిగేశాను.

"పంపిస్తే? నువ్వు పన్లోకి పోతే ఎవురు చూస్తారు?"

"మా ఏసుమణక్క చూస్తాదత్తా. మా ఇంటికి మూడు కిలోమీటర్లే. పొద్దున దించేసి సాయంత్రం తెచ్చుకుంటా."

"ఎట్టా దించుతావు?"

"సైకిల్ మీద." బండి అమ్మేసిన సంగతి ఆమెకు తెలుసు.

అత్త చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. ఉష ఆమె మోకాలు పట్టుకుని నిలబడి, చేటలో చెయ్యి పెట్టి గింజలు కింద పోస్తోంది. నన్ను చూసి నవ్వలేదు. వారానికొకసారి వచ్చేవాణ్ణి చూసి ఎవరు నవ్వుతారు?

"సరే, సైకిలే అనుకో," అంది అత్త. "బిడ్డను యాడ కూచోబెడతావో, ఎట్టా కడతావో, ఆ సీటు నాకు తెచ్చి చూపించు. నా చేత్తో ఊపి చూస్తా. నాకు నమ్మకం కుదిరితే, పుట్టినరోజు ప్రార్థన కూడిక అయినాక ఎత్తుకుపో. కుదరకుంటే పెండ్లీడు వచ్చేదాకా ఈడనే ఉంటాది. మళ్ళీ ఆ మాట ఎత్తబాక."

పుట్టినరోజు మార్చి 9. ఐదు వారాలుంది.

నేను లేస్తుంటే గోడ మీది మెర్లిన్ ఫోటో వైపు తిరిగి ఎప్పుడూ అనే మాటే అంది. "ఎన్నిమార్లు చెప్పినా దీనికి, బండెక్కేటప్పుడు కొంగు దోపుకోవే అని! ఇనిందా? తల్లి మాట ఇనే పిల్లయితే ఈ పొద్దు బిడ్డను ఎత్తుకోని ఉండేది."

నీళ్ళు తాగి, వస్తానత్తా అని వచ్చేశాను.

ఫిబ్రవరి 5

ముత్తుకూరు సెంటర్లో ముత్యాలయ్య సైకిల్ షాపు. నలభై ఏళ్ళుగా సైకిళ్ళు విప్పి బిగిస్తున్నాడు. అడగ్గానే రెండు రకాల సీట్లున్నాయన్నాడు. హ్యాండిల్ వెనక పొడుగు కమ్మీ మీద బిగించే చిన్న సీటు ఒకటి. వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టే కుర్చీ సీటు ఒకటి.

"ముందుదే," అన్నాను.

"పాపకు ఎన్నేళ్ళు?"

"వచ్చే నెలకు ఏడాది."

"ఏడాదికి ముందు సీటా? మెడ నిలబడొద్దా అబ్బయా? సడన్ బ్రేకేస్తే మొహం పొయ్యి హ్యాండిల్‌కు కొట్టుకుంటాది. వెనకదే మేలు. వీపుకు ఆనుకుంటాది, బెల్టు కట్టొచ్చు."

"వెనకుంటే నాకు కనపడదు కదా."

"అద్దం పెట్టిస్తా."

అద్దం వద్దన్నాను. గట్టిగానే అన్నానేమో, ఆయన చేతిలో పానా కింద పెట్టి నావైపు చూశాడు.

ఫిబ్రవరి 6

ముందు సీటే. ఎవరేం చెప్పినా ముందు సీటే.

ఫిబ్రవరి 8

ముందు సీటు బిగించుకుని ఎనిమిది కిలోల బియ్యం మూట కట్టి తొక్కాను. ఉష బరువు ఎనిమిది కిలోల రెండొందల గ్రాములు, మొన్న టీకా వేయించినప్పుడు తూచారు. తొక్కిన ప్రతిసారీ నా మోకాళ్ళు మూటకు తగులుతున్నాయి. కాళ్ళు ఎడం పెట్టి తొక్కితే కప్పలాగా ఉందని ఏసుమణక్క పడీపడీ నవ్వింది.

నవ్వి నవ్వి మళ్ళీ తనే ఏడ్చింది. "రేయ్ తిమోతీ, నువ్వు పడితే బిడ్డ మీదనే పడతావు గదరా," అంది.

ఎవరికి వాళ్ళు పడటం గురించే మాట్లాడతారు. ఒక్కళ్ళయినా పడకుండా తొక్కడం గురించి చెప్పరు. అక్క మీద కోప్పడి, కాఫీ తాగకుండా వచ్చేశాను. ఇంటికొచ్చాక తాగి ఉండాల్సింది అనిపించింది.

ఫిబ్రవరి 12

పెళ్ళిరోజు. సీటు సంగతి ఏమీ లేదు.

ఫిబ్రవరి 15

ఫోన్లో చూసి తెప్పించిన ప్లాస్టిక్ సీటు వచ్చింది. బొమ్మలో ఎవరో తెల్లావిడ వెనక బిడ్డను కూర్చోబెట్టుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. మన సైకిల్‌కు దాని బోల్టులు పట్టవు. ఆమె సైకిల్ వేరు, ఆమె రోడ్డు వేరు. మా గుంటల గట్టు మీద ఒక్క పొద్దు తొక్కించాలి ఆమెను, ఆ నవ్వు ఎంతసేపు ఉంటుందో చూస్తాను. వెనక్కి పంపించేశాను.

అయితే ఒకటి. ఇది రాకముందు నాకు తెలియకుండానే వెనక సీటుకు ఒప్పుకున్నానన్నమాట.

ఫిబ్రవరి 17

ముత్యాలయ్య తనే చేసిపెట్టాడు. ఇనుప చట్రం వెల్డింగ్ చేయించి, దానికి పేము అల్లించాడు. ఉష తల దాకా వచ్చేంత ఎత్తు వీపు. రెండు భుజాల మీదుగా వచ్చి నడుం దగ్గర కలిసే బెల్టు. కూర్చునేచోట మెత్త. ఎంత బాగుందో! నేను కూర్చోగలిగితే కూర్చునేవాణ్ణి.

"ఇంకొక్కటే తక్కువ," అన్నాడు. "పాప కాళ్ళు చక్రం పక్కనే ఏలాడతాయి. చువ్వల్లో కాలు పోతే మడమ ఊడొస్తాది. చక్రానికి అడ్డంగా ఏదన్నా ఉండాల. పాత మోటారు సైకిల్ శారీ గార్డు ఉందనుకో, అంతకన్నా మంచిది లేదు. కొంచెం వంచి బిగించేస్తా. నీ బండిది ఉండుంటాదే?"

"లేదు. బండితోపాటు పోయింది."

"పోతే పోనీలే. యాడన్నా చూద్దాం."

ఫిబ్రవరి 18

అబద్ధం చెప్పాను. అటక మీద ఉంది.

ఫిబ్రవరి 19

రాయనని ఒట్టు పెట్టుకున్నాను. నా ఒట్లు నాకు తెలియనివా?

పోయిన జూన్‌లో ల్యాబువాళ్ళు శాంపిల్ సీసాలు పెట్టుకునే క్రేటు ఇచ్చారు, బండి పక్కన తగిలించుకోమని. కుడి పక్క సైలెన్సరు, తగిలితే ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఎడమ పక్కే తగిలించాలి. ఎడమ పక్క శారీ గార్డు అడ్డం. మూడే నట్లు. వాకిట్లో గొంతుక్కూర్చుని విప్పుతుంటే మెర్లిన్ ఉషను భుజానేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"దాన్నెందుకు తీస్తుండావు?"

"ఆదివారం మళ్ళీ బిగిస్తాలే."

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు వచ్చాయో! క్రేటు ఉన్నంతసేపూ అదే చక్రానికి అడ్డంగా ఉండేది. కానీ శనివారం సాయంత్రం క్రేటు తీసేసేవాణ్ణి. రొయ్యల వాసన కొట్టే క్రేటుతో చర్చికి వెళ్తే నలుగురూ నవ్వుతారని నా బాధ. అంటే మెర్లిన్ బండి ఎక్కే ఒక్కరోజూ చక్రం బోడిగా తిరిగేది. ఆరు రోజులు శాంపిల్ సీసాలకు అడ్డం పెట్టి, ఏడో రోజు పెళ్ళానికి ఏమీ పెట్టలేదు.

అక్టోబరు 6. తొమ్మిదింటికే ఎండ మండిపోతోంది. మెర్లిన్ కొంగు దోపుకునే ఎక్కింది. ఎప్పుడూ దోపుకునే ఎక్కేది. ఒక పక్కకు కూర్చుని ఉషను ఒళ్ళో పెట్టుకుంది. దారిలో ఎండ పాప మొహాన కొడుతోందని, దోపుకున్న కొంగు లాగి పాప తల మీద కప్పింది. నేను అద్దంలో చూశాను. ముచ్చటగా ఉందనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు, దరిద్రుణ్ణి. గార్డు లేదన్న సంగతి నాకు గుర్తే రాలేదు.

గట్టు మలుపు దాటాక బండిని ఎవరో వెనక్కి లాగినట్టయింది.

మెర్లిన్ వెల్లకిలా పడింది. రెండు చేతులూ ఉషను వదల్లేదు. ఉషకు చిన్న గీత కూడా పడలేదు. ఒక్క చెయ్యి కింద ఆనించుకుని ఉన్నా తలకు అంత దెబ్బ తగిలేది కాదని ఆస్పత్రిలో చెప్పారు.

అందరూ కొంగు చక్రంలో ఇరుక్కుంది అన్నారు. నిజమే కదా, కొంగే ఇరుక్కుంది. నేను అబద్ధం చెప్పలేదు. ఎవరూ నన్ను గార్డు గురించి అడగలేదు.

ఫిబ్రవరి 20

అడగలేదు కాబట్టి చెప్పలేదు. అంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం

మనుబోలు. ఉష ఈసారి నా దగ్గరికి వచ్చింది. నా చొక్కా జేబులో పెన్ను లాక్కుని నోట్లో పెట్టుకుంది. పై పళ్ళు రెండు వచ్చాయి. నా వేలు కొరికి చూపించింది, ఎంత గట్టిగా కొరికిందో! మెర్లిన్ ఉంటే నవ్వేది.

చర్చి నుంచి ఎవరో ఒకావిడ అత్తను పలకరించడానికి వచ్చింది. అత్త ఆమెకు కూడా అదే చెప్పింది. "దాని అజాగ్రత్తే దాన్ని మింగిందమ్మా. దోపుకోని ఉంటే ఏమయ్యేది? బిడ్డను తల్లి లేనిదాన్ని చేసి పోయింది." ఆవిడ నాలుక చప్పరించి, "ఈకాలం పిల్లలకు ఏదీ పట్టదులే రెబెక్కమ్మా," అంది.

నేను బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఉష నా ఒళ్ళో ఉంది. చెప్పాలని నోరు తెరిచాను. చెబితే ఉషను ఇస్తుందా? ఏ తల్లి ఇస్తుంది? నోరు మూసుకుని, సీటు తయారైంది అత్తా, చిన్న పని మిగిలింది అన్నాను.

"ఏం పని?"

"చక్రానికి అడ్డం పెట్టాల."

"పెట్టు. మంచిదే," అంది అత్త.

ఫిబ్రవరి 26

గార్డు అటక మీద నుంచి దించాను. బూజు తుడిచాను. మూడు నట్లూ దానికే కట్టి ఉన్నాయి, పాత గుడ్డపీలికలో మూట కట్టి. నేను కట్టలేదు. ఆదివారం వెతుక్కోకుండా ఉండాలని మెర్లిన్ కట్టిపెట్టింది.

ఆ పీలిక ఉష పాత లంగోటీది.

ఫిబ్రవరి 27

ముత్యాలయ్య గార్డును చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. మోటారు సైకిల్ నుంచి ఊడదీసింది ఎట్లా ఉంటుందో, ప్రమాదంలో వంగిపోయింది ఎట్లా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాలా? ఇది ఎక్కడా వంగలేదు. గీత లేదు.

"బండితోపాటు పోయిందంటివి," అన్నాడు.

"దొరికింది."

ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం అన్నానికి కూడా వెళ్ళకుండా బిగించి ఇచ్చాడు. నేను సైకిల్ ఎక్కేటప్పుడు మాత్రం, "ఇది ఇప్పుడు కదలదు. మళ్ళీ విప్పబాక," అన్నాడు.

మార్చి 1

బియ్యం మూటను వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి, అక్క ఇంటికి వెళ్ళి వచ్చాను. మూడు కిలోమీటర్లలో పదకొండుసార్లు ఆగాను. ఆగి, దిగి, వెనక్కి తిరిగి చూశాను. మూట ఎక్కడికీ పోలేదు. గేదెలు అడ్డం వస్తే "భయపడబాక, పోతాయిలే" అన్నాను మూటతో. గట్టు మీద చెంబు పట్టుకుని పోతున్న పెద్దమనిషి విని నిలబడిపోయాడు. విననీ.

అక్క ఉయ్యాల కట్టి ఉంచింది. తన పాత చీరల్లో మెత్తటిది చూసి కట్టింది. నన్ను దగ్గరికి పిలిచి, ముడి ఎంత గట్టిగా ఉందో లాగి చూడమంది. లాగి చూశాను. గట్టిగానే ఉంది.

మార్చి 4

అత్త అడిగింది సీటు. నేను చూపించాల్సింది సీటు. ఊపి చూస్తుంది, గట్టిగా ఉంటుంది, ఒప్పుకుంటుంది. మధ్యలో వేరే మాట ఎందుకు? చెబితే మెర్లిన్ తిరిగి వస్తుందా?

మార్చి 5

చెబితే మెర్లిన్ తిరిగి వస్తుందా అని నిన్న రాశాను. ఎంత బాగా రాశానో! ఆమెను తిట్లు తినమని వదిలేసి నా పని నేను చూసుకోవడానికి ఆ ఒక్క మాట చాలు.

మార్చి 8, శనివారం

తెల్లారకముందే బయలుదేరాను. ముప్పై కిలోమీటర్లకు పైనే. హైవే ఎక్కాక లారీలు పక్కనుంచి పోతుంటే ఖాళీ సీటు గజగజా ఊగింది. ఎనిమిదిన్నరకు మనుబోలు చేరాను. చొక్కా పిండితే నీళ్ళు కారేట్టు ఉంది.

అత్త వాకిలి ఊడుస్తోంది. చీపురు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. చెప్పినట్టే ఊపి చూసింది. రెండు చేతులతో పట్టుకుని సైకిల్ లేచేట్టు లాగింది. బెల్టు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. పేము మీద అరచేయి రాసి చూసింది, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని. అప్పుడు లోపలికి వెళ్ళి ఉషను తెచ్చి కూర్చోబెట్టింది.

ఉషకు ఎంత నచ్చిందో! రెండు కాళ్ళూ ఆడిస్తూ మడమలతో గార్డును టకటకా తంతోంది. ఆ చప్పుడుకు తనే నవ్వుతోంది. అత్త కూడా నవ్వింది. అక్టోబరు తర్వాత ఆమె నవ్వడం నేను చూడలేదు.

వంగి గార్డు కమ్మీలు పట్టుకుని చూసింది. "ఈ పని మాత్రం బాగా చేసినావు తిమోతీ. కాలు పోదు, గుడ్డ పోదు. ఇట్టాంటిది ఆ బండికి ఉండుంటే నా బిడ్డ..."

అవునత్తా అంటే చాలు. ఆ ఒక్క మాట అంటే రేపు సాయంత్రానికి ఉష నా ఇంట్లో ఉంటుంది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఇది ఆ బండిదే అత్తా."

ఆమెకు అర్థం కాలేదు. "అంటే?"

"ఆ బండికి ఉండిందే. క్రేటు తగిలించుకునేదానికి నేనే ఊడదీసినా. మెర్లిన్ అడిగింది, ఎందుకు తీస్తుండావని. ఆదివారం బిగిస్తాలే అంటిని. బిగించలా. కొంగు దోపుకునే ఎక్కిందత్తా. పాపకు ఎండ తగలతా ఉందని తీసి కప్పింది. నేను చూసినా."

ఉష ఇంకా టకటకా తంతూనే ఉంది.

అత్త పాపను ఎత్తుకోబోయింది. బెల్టు రాలేదు, కొక్కెం దొరక్క రెండుసార్లు లాగింది. నేను విప్పబోయాను.

"నువ్వు ముట్టబాక."

విప్పేదాకా నిలబడ్డాను. ఉషను భుజానేసుకుని నావైపు తిరిగింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"తీసినావు. సరే. మగోడివి, పన్లో పడి మరిచిపోయినావు అనుకుంటా. ఐదు నెలలుగా దాన్ని తిట్టినా గదరా నేను! వచ్చినోళ్ళందరి ముందరా తిట్టినా. చచ్చిపోయిన బిడ్డను. నువ్వు ఈడనే, ఈ బెంచీ మీదనే కూచోని, నీళ్ళు తాగతా విన్నావు. అబ్బా, నీకు నీళ్ళు ఎట్టా దిగినాయి?"

నేను సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాను.

"సైకిల్ ఈడ పెట్టి పో," అంది.

బస్సులో వచ్చాను.

మార్చి 9

పుట్టినరోజు. బస్సు ఎక్కాను. రావద్దని ఆమె అనలేదు కదా. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు అన్నవాణ్ణి, ఇది మాత్రం ఎందుకు వదులుకుంటాను? గులాబీ రంగు గౌను సంచిలో పెట్టుకున్నాను.

మార్చి 10

నిన్న బస్సులో సగం రాసి ఆపేశాను.

నేను వెళ్ళేసరికి చర్చిలో పాటలు అయిపోయాయి. చివరి వరసలో కూర్చున్నాను. పాస్టరు గారు ఉష కోసం ప్రార్థన చేసి, సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవమన్నారు. రెబెక్కమ్మత్త ఉషను చంకనేసుకుని లేచింది.

"దేవునికి వందనాలు. నా మనవరాలికి ఏడాది నిండింది. నేను చెప్పేది ఒకటే. నా బిడ్డ మెర్లిన్ కొంగు దోపుకోలేదని మీ అందరితోనూ చెప్పినా. ఇంటింటికీ చెప్పినా. అది అబద్ధం. నా బిడ్డ దోపుకునే ఎక్కింది. బిడ్డకు ఎండ తగలతా ఉందని తీసి కప్పింది. పడేటప్పుడు కూడా రెండు చేతులూ బిడ్డనే పట్టుకోని ఉండాయి. దానిది ఏ తప్పూ లేదు. తల్లినయ్యుండి దాని మీద నేను నింద ఏసినా. దేవుడు నన్ను క్షమించాల, నా బిడ్డ నన్ను క్షమించాల."

అంతే చెప్పి కూర్చుంది. నా పేరు ఎత్తలేదు. ఎత్తుతుందని తల వంచుకుని ఎదురుచూశాను. నా సాక్ష్యం నాకే వదిలేసింది. లేచి, ముందు బెంచీ పట్టుకుని నిలబడి, గార్డు తీసింది నేనేనని చెప్పాను. రెండు ముక్కలే చెప్పాను. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అత్త కూడా తిరగలేదు. ఉష ఒక్కతే ఆమె భుజం మీద నుంచి నన్ను చూసింది.

బయటికి వస్తే చర్చి గోడకు నా సైకిల్ ఆనించి ఉంది. అత్త ఉషను సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. ఈసారి కొక్కెం ఒక్కసారికే పడింది. ఆమెకు సైకిల్ తొక్కడం రాదు. కొంగు నడుముకు చుట్టి దోపుకుని, హ్యాండిల్ పట్టుకుని నడిపించడం మొదలుపెట్టింది. పొద్దున కూడా అట్లాగే తెచ్చిందట. గౌను సంచి పట్టుకుని దూరంగా నిలబడ్డాను.

పది అడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"పాపను నీతో పంపను. పంపలేను. సైకిల్ ఈడనే ఉంటాది. ఆదివారం ఆదివారం రా."

"సరే అత్తా."

"నాకు వెనక కనపడదు. నువ్వు ఎడం పక్క రా. చక్రం చూస్తా నడువు."

ఏసుమణక్కకు ఫోన్ చేసి ఉయ్యాల విప్పేయమని చెప్పాలి. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు తెలుసు. నిన్న మాత్రం ఏమీ ఆలోచించలేదు. చర్చి నుంచి ఇంటిదాకా అర కిలోమీటరు. ఉష మడమలతో గార్డును తంతూ ఉంది. దాని గౌను అంచు ఒకసారి గాలికి కిందికి జారితే తీసి ఒళ్ళో పెట్టాను. అత్త ఆగలేదు, నేను చక్రం మీది నుంచి కళ్ళు తీయలేదు.